మగ్గమున్న ఇల్లు

పోయిన నెలలో మా ఆఫీసు మిత్రుడొకరు, వచ్చే ఏడాది పదవీ విరమణతో చేతికందే ప్రావిడెంటు ఫండు సొమ్ము పెట్టి రెండు పోర్షన్ల ఇల్లు కట్టించి బాడిగకిచ్చుకుంటే శేష జీవితం నిశ్చింతగా సాగుతుందా అని నా సలహా అడిగారు. యౌవనం నుంచి క్రమం తప్పక డైరీ రాసేవాడినని, పావలా ఖర్చుకైనా పద్దు వేసేవాడినని నాకు పేరుంది గనుక, రాబడి ఇంత, మరమ్మతులింత అని కాగితం మీద తేల్చి చూపిస్తానని ఆయన ఆశించారు. నేను ఒక్క మాటలో వద్దన్నాను. ఆయన నొచ్చుకున్నారు. బాడిగ ఇల్లు అనే ఆస్తి ఎంతటి పగను పుట్టించగలదో ఆయనకు వివరించలేకపోయాను గాని, నా ఈడు పాఠకులు అర్థం చేసుకుంటారన్న నమ్మకంతో ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్నగారు ఆదోనిలో ఒక పత్తి జిన్నింగు ఫ్యాక్టరీలో కాటా గుమాస్తాగా పనిచేస్తూ పందొమ్మిది వందల యాభైల మొదట్లో పోయారు. ఫ్యాక్టరీవారు దయతలచి ఇచ్చిన సొమ్ముకు అమ్మ తన రెండు గాజులు కలిపి ఎమ్మిగనూరులో నేతగాళ్ల వీధిలో ఒక మట్టి మిద్దె కొన్నది. రెండు గదులు, నాపరాతి నేల, తొమ్మిది వందల యాభై రూపాయలు. ఆదోనిలో ఆ ధరకు పశువుల కొట్టం కూడా వచ్చేది కాదు. ఇంటితోపాటే అందులో బాడిగకున్న నేతగాడూ అతని భార్యా మాకు సంక్రమించారు. నాన్నగారి చోటనే గుమాస్తాగా చేరిన నేనూ అమ్మా ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి వరుస ఇళ్లలో ఒక గదిలో ఉండేవాళ్లం. ఎమ్మిగనూరు నుంచి నెలకు బాడిగ ఏడు రూపాయలు వచ్చేవి, ఆదోనిలో ఎనిమిది పోయేవి. అయినా మేము ఇంటిగలవాళ్లమని బంధువుల్లో గర్వంగా చెప్పుకునేవాళ్లం.

మట్టి మిద్దె కలిగినవారికి తెలుసు, ఏటా తొలకరికి ముందు దాని మీద చవుడు మట్టి పరిపించకపోతే వానకు ఇల్లు జల్లెడవుతుంది. ఆ మట్టికీ బండికీ కూలికీ కలిపి రెండు నెలల బాడిగ పోయేది. ఇంట్లో ఉన్న మనిషి ఒక్క గంప మట్టి అందించేవాడు కాదు సరిగదా, కూలివాళ్లు పైన తొక్కితే నూలు మీద దుమ్ము రాలుతుందని కింద నుంచి కేకలు వేసేవాడు. చుక్క నీరు కారినా బస్సు కండక్టరు చేత ఆదోనికి కబురు వచ్చేది. బాడిగ మాత్రం ఏ బస్సులోనూ వచ్చేది కాదు, నేనే ఆదివారం పూట పోయి తెచ్చుకోవలసి వచ్చేది.

ఇలా రెండేళ్లు గడిచాక ఆదోని వ్యాపారి, తన కొడుకు కాపురానికి గది కావాలి, ఉగాదిలోగా ఖాళీ చేయమన్నాడు. ఆ ఇంటి ఆడవాళ్లు బావి దగ్గర అమ్మను అంతకు ముందే చాలా మాటలన్నారు. ఇక ఒకరి పంచన ఉండనని, చచ్చినా బతికినా తన ఇంట్లోనేనని అమ్మ పట్టు పట్టింది. నేను ఎమ్మిగనూరు పోయి నేతగాడికి సంగతి చెప్పాను. అతను పోగుల మధ్య నాడె ఆడించడం ఆపకుండానే విన్నాడు.

"పడుగు మగ్గం మింద ఉండాది గదప్పా. పడుగంటే పెండ్లి మాదిరి, నడుమ లేసి పోకూడదు."

వీధి పెద్దను పిలిపించాను. ఆయనా నేతగాడే. మీసం దువ్వుకుంటూ, మగ్గం మీద పడుగు, అంటే బట్ట పొడవునా బిగించే నిలువు పోగులు, ఉండగా మగ్గాన్ని కదిలించే ఆచారం తమ వీధిలో లేదనీ, పడుగు అయిపోయిన పొద్దే అతను లేచి పోతాడనీ తీర్పు చెప్పాడు. న్యాయంగానే తోచి ఒప్పుకున్నాను. ఏది చెప్పకుండా వదిలేశాడో ఆ పెద్దమనిషికి బాగా తెలుసునన్నది నా నిశ్చితాభిప్రాయం, అది ఈనాటికీ మారలేదు. ఆ రోజు నుంచి నేతగాడు బాడిగ కూడా నిలిపివేశాడు. "లేసి పొమ్మన్నోనికి బాడిగ యాడిదప్పా" అని నవ్వాడు.

నెల తర్వాత పోతే మగ్గం మీద పడుగు ఉంది. మరుసటి నెల పోయినా ఉంది. ఉగాది దగ్గర పడింది. ఆదోని వ్యాపారి మా గది ముందు సున్నం గంగాళం పెట్టించి, మేముండగానే గోడలకు వెల్ల వేయించడం మొదలుపెట్టాడు. అమ్మ ట్రంకు పెట్టె కట్టుకుని, ఎమ్మిగనూరు బస్సెక్కి, తన ఇంటి వెనుక గదిలో ఒక మూల దిగింది. నేను ఫ్యాక్టరీ గోడౌనులో పడుకునేవాడిని.

ముగ్గురు మనుషులు, రెండు పొయ్యిలు, ముందు గది నిండా మగ్గం. అమ్మ పొయ్యి రాజేస్తే నూలుకు పొగ పడుతుందని నేతగాడి భార్య తలుపు మూసేది. తన ఇంట్లో తనకు తలుపు మూసే హక్కు ఎవరిచ్చారని అమ్మ తెరిచేది. ఒక ఆదివారం నేను గడపలో కాలు పెట్టేసరికి ఆడవాళ్లిద్దరి జగడం మంచి పట్టులో ఉంది.

"పెండ్లంటివి గదప్పా," అని అమ్మ, మగ్గం కింద నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న నేతగాడిని అడుగుతోంది. "ఎవరి పెండ్లయినా అయిదు దినాల్లో అయిపోతాది. నీది ఏండ్లు పడతాంది."

"ఇల్లు నీదయితే నీదిలేమ్మా, మగ్గం మాది. దాన్ని ఆడిపోసుకోవద్దు," అన్నది అతని భార్య.

"అయితే నీ మగ్గాన్ని నెత్తిన పెట్టుకోని పో."

"పోతే గుంత తీసుకోనిచ్చేది ఎవురు? నీలాంటి పుణ్యాత్మురాలు ఇంగొకటి దొరకద్దా?"

గుంత తవ్వుకోనిచ్చే ఇల్లు దొరకడం కష్టమన్నది నిజమే. కాని దొరకకపోతే నా ఇల్లు తన ఇల్లవుతుందా?

మరి పది రోజులకు అమ్మ కబురు పంపింది, పడుగు అయిపోవచ్చింది, రమ్మని. ఫ్యాక్టరీలో సెలవడిగి, సామాను తరలించే బండి కూడా మాట్లాడుకుని పోయాను. ముందు గదిలో కనిపించిన దృశ్యం ఇప్పటికీ కళ్ల ముందుంది. నేసిన బట్ట కోసి పక్కన మడత పెట్టి ఉంది. మగ్గానికి మిగిలిన పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా చేర్చి, వేళ్లతో పురి పెట్టి అతుకుతున్నారు నేతగాడి భార్యా, పక్కింటి ముసలమ్మా. సగం అయిపోయింది కూడా. నేత పని ఎప్పుడూ అంతేనట. పాతది పూర్తిగా దిగక ముందే కొత్తది దానికి అతుక్కుంటుంది. మగ్గం నడిచినన్నాళ్లు అది ఖాళీ కావడమంటూ ఉండదు.

"అయిపోయినాక పోతానంటివి గదా?" అన్నాను.

"అది అయిపోయినాదప్పా," అన్నాడు అతను శాంతంగా. "ఇది కొత్తది."

అమ్మ వెనుక గదిలోకి పోయి కత్తెర తెచ్చింది. ఆమె ఏం చేయబోతున్నదో నాకంటే ముందు పక్కింటి ముసలమ్మకు తెలిసింది. "వద్దు తల్లీ, వంశానికి మంచిది కాదు" అంటూ చేతులు అడ్డం పెట్టింది. అమ్మ ఆ చేతులు పక్కకు తోసి, అతికినవీ అతకనివీ అన్ని పోగులనూ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కత్తిరించింది. పడుగు తెగి నేల మీద కుప్పగా పడింది. ఆ నూలు అతనిది కూడా కాదు, కూలికి నేయమని ఇచ్చిన నేతగాళ్ల సహకార సంఘం వారిది.

తిడతాడని, మీదికి వస్తాడని నేను అమ్మకు ముందు నిలబడ్డాను. అతను గుంతలో నుంచి లేచి, కింద పడిన పోగులను చిక్కుపడకుండా చుట్టుకుని, "ఇంగ నీ ఇల్లు నువ్వేలుకో తల్లీ" అన్నాడు. నేను మాట్లాడుకున్న బండి వద్దన్నాడు. వీధి వీధంతా వచ్చి తలా ఒక కట్టె మోసి పొద్దు గూకకముందే మగ్గాన్ని పక్క సందుకు చేర్చారు. అంతమంది మా గడప తొక్కడం అదే మొదలు, అదే చివర.

గుంత పూడ్పించి, బండలు పరిపించి, అమ్మ కోరినట్టే సొంత ఇంట్లో పాలు పొంగించాను. మేమిద్దరమే తాగాము. బావి దగ్గర అమ్మ పోతే మిగిలినవారు బిందెలు తీసుకుని పక్కకు జరిగేవారు. పడుగు కోసిన ఇంటికి నిప్పు అడిగినా ఇవ్వలేదు, ముందు గది బాడిగకని చెప్పినా ఒక్కరూ చూడను రాలేదు. అమ్మ ఒక్కనాడూ తను చేసింది తప్పనలేదు, నేనూ అనలేదు. అనను కూడా. కాని నేను పోయిన ప్రతి ఆదివారమూ బస్సు దిగింది మొదలు తిరిగి ఎక్కేదాకా ఆమె ఆగకుండా మాట్లాడేది. వారమంతా దాచుకున్న మాటలు అవి.

రెండో ఏడు చవుడు మట్టి పరిపించడానికి పోయినప్పుడు, అన్నం వడ్డిస్తూ, ఆదోనిలో ఎక్కడైనా ఒక బాడిగ గది చూడమన్నది. పది ఇళ్ల వరుసలో అయితే మేలని, బావి అందరిదీ ఒకటే అయితే ఇంకా మేలని అన్నది. ఇల్లు కొన్న ధరకు నూట ఇరవై తక్కువకు అమ్మాము.

ఇప్పుడు అగ్రిమెంట్లున్నాయి, అడ్వాన్సులున్నాయి, నోటీసు ఇచ్చే వకీళ్లున్నారు. యజమానికీ బాడిగదారుకీ ముఖాముఖి మాటే అక్కర లేదు. నేనుంటున్న వీధిలో గత సంవత్సరం ఒక కుటుంబాన్ని సామానుతో సహా బయట పెట్టించారు. ఎదురింటి వారికి ఆ సంగతి మూడో రోజున తెలిసింది. ఎమ్మిగనూరు వీధిని నేను క్షమించలేదు. కాని ఒక మనిషిని అంతమంది కలిసి వెలివేయాలంటే, ముందు ఆ మనిషి అంతమందికీ తెలిసి ఉండాలి. ఆ పాటి ఎరుక ఇప్పుడు ఏ వీధిలోనూ మిగల్లేదు.