నాలుగో జట్టు

హైదరాబాద్‌లో ఉద్యోగాలు తెగ దొరుకుతున్న రోజులవి. బీదర్‌లో మా సాఫ్ట్‌బాల్ జట్టు అమ్మాయిలు ఒక్కొక్కరే అక్కడికి వెళ్లిపోయారు. మా కెప్టెన్ అక్క కూడా అక్కడే కాల్ సెంటర్‌లో చేరింది. ఆట ఉన్న ఆదివారం మాత్రం తొలి బస్సుకు వచ్చేది. జట్టులో బంతి విసరడానికి చివరికి నేనొక్కదాన్నే మిగిలాను.

అంతకుముందు లీగ్‌లో మొదటి రెండు జట్లే ఫైనల్ ఆడేవి. ఆ ఏడు కమిటీవాళ్లు సెమీఫైనల్స్ పెట్టి నాలుగు జట్లను తీసుకుంటామన్నారు. మొదటి జట్టుకు నాలుగో జట్టుతో పోటీ. మొదటి స్థానం అప్పటికే మాది. ఆదివారం పొద్దున బసవకళ్యాణ్‌తో చివరి లీగ్ ఆట, మధ్యాహ్నమే సెమీఫైనల్. బసవకళ్యాణ్ గెలిస్తే నాలుగో స్థానం వాళ్లది, ఓడితే నౌబాద్‌ది. ఆ సీజన్‌లో మమ్మల్ని ఓడించింది నౌబాద్ ఒక్కటే.

అక్క నన్ను పక్కకు పిలిచింది.

"గట్టిగ ఎయ్యకు. ఈ ఆట పోతే పోనీ. నౌబాదోళ్లు ఇంటికి పోతరు, నీ చెయ్యి గూడ మిగుల్తది."

"కావాలని ఓడుదామంటున్నవా అక్కా?"

"గెలిస్తే మనకేమొస్తదే? చెప్పు!"

బంతి తీసుకుని నా చోటికి నడిచాను. మైదానం గీతకు అవతల నౌబాద్ అమ్మాయిలు వరసగా కూర్చుని నన్నే చూస్తున్నారు. మెల్లగా వేద్దామనుకున్నాను. చెయ్యి తిరిగేసరికి బంతి ఎప్పటిలాగే దూసుకెళ్లింది. తర్వాతిదీ అంతే. బ్యాటు పట్టినమ్మాయి వెనక క్యాచర్‌గా కూర్చున్న అక్క ప్రతి బంతినీ పట్టి, నావైపు చూడకుండా వెనక్కి విసిరేది. గెలిచాం.

మధ్యాహ్నానికి నా భుజం రాయిలా బిగిసిపోయింది. నౌబాద్‌తో ఆఖరి దాకా స్కోరు సమంగానే నడిచింది. వాళ్ల పిల్ల మూడో బేస్ దగ్గర, ఆఖరి పరుగుకు కాచుకుని ఉంది. కిందికి వేయమని అక్క గ్లవ్ దించి చూపించింది. నా బంతి ఇంకా కిందికి పోయి, నేలకు కొట్టుకుని, అక్కను దాటిపోయింది. ఆ పిల్ల ఉరికొచ్చి హోమ్‌ను తాకి గెలుపు పరుగు తీసింది. లీగంతా ముందున్న మేం ఒక్క ఆటతో ఇంటిదారి పట్టాం.

బస్టాండులో అక్క నా భుజానికి ఐసు అద్దింది.

"కోపమొచ్చిందా అక్కా?"

"వచ్చింది. ఇంకా పోలేదు," అంది, ఐసు తీయకుండానే.

మరుసటి ఏడు కమిటీ పద్ధతి మార్చింది: మొదటి జట్టు నేరుగా ఫైనల్‌కు, రెండూ మూడూ ఇంకో చోటు కోసం కొట్లాడాలి. ఇక చివరి ఆదివారం ఎవరికీ ఊరికే పోలేదు. ఆ రోజు నౌబాద్‌ను ఓడించి మొదటి స్థానం పట్టి, నేరుగా ఫైనల్‌కు చేరాం. అక్క మైదానంలోనే కూలబడి ఏడ్చింది.