బయటి మెట్లు గీసిన ప్లానయ్య

ప్లానయ్య పోయిన సంగతి నాకు పదిహేను రోజుల తర్వాత తెలిసింది. అదీ బజారులో తగిలిన తాపీ మేస్త్రి చెబితే. "అయ్య పోయినాడమ్మా, మీకు తెలీదా? కర్మ గూడా అయిపోయింది" అన్నాడు. నాకు కబురు పెట్టాలని ఎవరికీ తోచలేదు. తోచడానికి నేను ఆయనకు ఏమవుతానని? చుట్టాన్ని కాను, పక్కింటిదాన్ని కాను. ఆయన గీసిన గదిలో ఉంటున్న బడిపంతులమ్మను, అంతే. కూరగాయల సంచీతో పురసవాకం రోడ్డు మీదే నిలబడి ఏడ్చాను. మేస్త్రి, పాపం, ఏం చేయాలో తెలియక నా చేతిలో సంచీ అందుకున్నాడు.

ఇళ్ళకు ప్లాన్లు గీసి పెట్టడం ఆయన పని, అందుకే ఆ పేరు. మద్రాసులోనే పుట్టి పెరిగిన తెలుగువారు. మా అన్నయ్య కారు కొన్న ఏడు ఆయన మా ఇంటికి వచ్చారు. అన్నయ్యది సర్కారు ఆఫీసులో ఉద్యోగం. భర్త పోయాక నేను ఆ ఇంట్లోనే, వంటింటి పక్క సామాన్ల గదిలో ఉండేదాన్ని. కారుకు షెడ్డు కట్టాలి. అన్నయ్య దగ్గర అచ్చు ప్లాను ఒకటి ఉంది: కింద షెడ్డు, పైన డ్రైవరుకు గది, మెట్లు షెడ్డు లోపలి నుంచి. మాకు డ్రైవరు లేడు. అన్నయ్యే నడిపేవాడు, గేటుకు రాసుకుంటూ. "పైగది మా చెల్లెలికి. దానికి తగ్గట్టు మార్చి పెట్టండి" అన్నాడు. ఆ మాటతో వదిన మొహం వెలిగింది. నాదీ వెలిగింది, అబద్ధమెందుకు.

ప్లానయ్య ప్లాను చూడలేదు, నన్ను చూశారు. "పొద్దున ఎన్నింటికి లేస్తారమ్మా? రోలు ముందర ఎట్ల కూర్చుంటారు? కిటికీలో నుంచి ఏం కనపడాల?" అని ఒకటే ప్రశ్నలు. "గది ఎవురికైనా గీయొచ్చు. ఆడ ఉండేది ఒక్కురే కదా" అనేవారు. చివరికి కాగితం మీది మెట్ల మీద వేలు పెట్టి అడిగారు: "మీరు బయటికి పోవాలంటే ఎవుర్ని అడగాల?"

వదినే చెప్పింది. "అడగడమెందుకండీ, షెడ్డు తాళంచెవి నా దగ్గరే ఉంటుందిగా." నిజమే మరి. కారుకు తాళం వేస్తే నాకూ వేసినట్టే.

మర్నాడు ఆయన తెచ్చిన కాగితంలో మెట్లు షెడ్డు బయటికి వచ్చేశాయి. గోడకు ఆనుకుని, వీధిలోకి చిన్న గేటుతో. "ఇదేం బాగుంది? ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరికి తెలుస్తుంది?" అంది వదిన. "బడికి పోయొచ్చే మనిషి కదమ్మా. కారు నూనె అంటుకుంటే చీర చెడిపోతాది" అన్నారు ఆయన. చీర పేరెత్తేసరికి వదిన మెత్తబడింది. అలా గట్టెక్కాను.

అసలు రభస కొలత దగ్గర వచ్చింది. మా వైపు ఇల్లు కట్టేటప్పుడు యజమాని పాదాన్ని దారంతో కొలిచి, ఆ అడుగు లెక్కనే గదుల పొడవు వెడల్పులు శుభంగా కుదిరేట్టు ఆయం కడతారు. అన్నయ్య పాదం చాచాడు. ప్లానయ్య కొలిచి దారానికి ముడి వేసి, "సెరి, షెడ్డుకు ఇది. మేడకు అమ్మ అడుగు కావాల" అన్నారు.

"విధవ అడుగు మీద ఆయం కడతారా?" అంది వదిన, నేను అక్కడ ఉండగానే.

"ఆడ ఉండేది ఆమె కదమ్మా. వేరేవాళ్ళ అడుగు ఆమెకెట్ల పనికొస్తాది?" అని, ఆయన నా ముందు కూర్చుని నేల మీద దారం పరిచారు. భర్త పోయాక ఒక శుభకార్యంలో నేను లెక్కకు రావడం అదే మొదలు. నా మడమల పగుళ్ళు ఆయనకు కనపడుతున్నాయని మాత్రం సిగ్గుపడ్డాను.

కానీ రెండు అడుగులకు రెండు ఆయాలు వచ్చాయి. మేడకు తాడు పట్టి చూస్తే ఒక పక్క గోడ కింది గోడ మీద కూర్చోకుండా జానెడు లోపలికి పోయింది. తాపీ మేస్త్రి తల పట్టుకున్నాడు. "ముప్పై ఏండ్లుగా గీస్తా ఉండారు, ఇది చూసుకోలేదా అయ్యా?" ప్లానయ్య చెవులు ఎర్రబడ్డాయి. "తప్పు నాదే. అయినా అమ్మ ఆయం మార్చేది లేదు" అన్నారు. పాత రైలు పట్టా ఒకటి వెతికి తెచ్చి, అడ్డం వేయించి, దాని మీద గోడ నిలబెట్టారు. బయట మిగిలిన జానెడు జాగాలో వాననీరు నిలిచేది. చెమ్మ దిగిందేమో చూసిపోవడానికి ఆయన ఏటా వానలు వెలిశాక వచ్చేవారు.

రాష్ట్రం విడిపోయి ఆఫీసులు కర్నూలుకు కదిలినప్పుడు అన్నయ్య వాళ్ళు పెద్దిల్లు అద్దెకిచ్చి వెళ్ళిపోయారు. "ఒక్కదానివీ ఇక్కడేం చేస్తావు, మాతో రా" అన్నాడు అన్నయ్య. నేను వెళ్ళలేదు. నా బడి ఉంది, నా మెట్లున్నాయి. ఎవరి వాకిలీ తొక్కకుండా ఎక్కగలను, దిగగలను. అయితే ఎవరి వాకిలీ తొక్కని దారిలో మన దగ్గరికి ఎవరూ రారు కూడా. సెలవుల్లో పాలవాడితో తప్ప మాట్లాడని రోజులున్నాయి. పై మెట్టు మీద కూర్చుని మజ్జిగ తాగి, "చెమ్మ లేదు. మీరు బాగుండారు కదా?" అని అడిగే మనిషి ఆయనొక్కరే. గడప దాటి ఎప్పుడూ లోపలికి రాలేదు. కొడుకులు ఆంధ్రాకు రమ్మన్నారట. "ఆడ నేను ఎవురికి తెలుసు? ఈడైతే గోడలకన్నా తెలుసు" అన్నారు. ఈడ అంటే ఎక్కడ, ఎలా ఉంటున్నారని నేను ఒక్కసారీ అడగలేదు. తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

మొన్న ఆదివారం మేస్త్రిని అడిగి చిరునామా తెలుసుకుని సౌకార్‌పేటకు వెళ్ళాను. సందులో సందు, అందులో ఒక షావుకారు ఇల్లు. మిద్దె మీద చిన్న గది ఆయనది. దానికి మెట్లు షావుకారు వంటింటి ముందు నుంచే ఉన్నాయి. వేళ కాని వేళకు వెళ్ళినట్టున్నాను, మెట్లకు అడ్డంగా విస్తళ్ళు వేసుకుని ఇంటిల్లిపాదీ భోజనాలకు కూర్చున్నారు.

ఇంటావిడ నన్ను గడప దగ్గరే ఆపింది. "పైన ఎవురూ లేరే, దేనికమ్మా?"

"ఒకసారి చూసి పోతానండీ."

"అట్లయితే నిలబడు, తినేసి లేస్తారు. అయ్య గూడా అంతే. దగ్గి, ఆ గడపలోనే నిలబడతా ఉండె, మా భోజనాలు అయ్యేదాకా. ఇరవై ఏండ్లు. ఒకనాడన్నా పక్కకు జరగండి అన్న మనిషి కాదు."

గడప పక్క గోడకు భుజమెత్తున సున్నం ఊడి, నున్నగా మాసి ఉంది. చెప్పులు చేత పట్టుకుని నేనూ అక్కడే ఆనుకుని నిలబడ్డాను. లోపల ఇంకా చారు వడ్డిస్తున్నారు.