అప్పలస్వామి అడగని ప్రశ్న

రాజ్‌కిశోర్ నగర్‌లో ఎవరి మేడ మీదికైనా సోలార్ ప్యానెళ్ళు ఎక్కాయంటే, ఆ ఇంటాయన అంతకు ముందు ఏదో ఒక సాయంత్రం అప్పలస్వామి వరండాలో టీ తాగి ఉంటాడు. అడిగినవాడికి టీ, అడగనివాడికీ టీ. ఆ టీతోపాటు సలహా కూడా తప్పదు.

“వానాకాలం పన్జేస్తాదేటి బావా?” అని అడిగేవారు.

“మబ్బేస్తే తగ్గుతాది. సచ్చిపోదు.”

“స్లాబు కారిపోదు కదా?”

“కారిందంటే మేస్త్రీని తిట్టుకో. సూర్యుడేటి సేస్తాడు?”

“మరి బొగ్గు దుమ్ము?”

“వారానికోపాలి, ఎండెక్కకముందే తడిగుడ్డెట్టి తుడువు. కాలిపోతున్నప్పుడు నీళ్ళు పోసీకు, పగిలిపోగలదు.”

“బేటరీ కూడా ఎట్టించాలా?”

ఈ ప్రశ్న దగ్గరికొచ్చేసరికి అప్పలస్వామి నవ్వేవాడు. “బేటరీ దండగ. పగలు సూర్యుడున్నాడు, రాత్రి సర్కారుంది. నీది మిగిలితే ఆ తీగలోంచి వాళ్ళకెళ్తాది, నీకు సాలకపోతే అదే తీగలోంచి నీకొస్తాది. మద్దిలో బేటరీతో ఏటి పని?”

ఇంతా చేస్తే ఆయన మేడ మీదికి అవి ఎక్కి ఒక్క శీతాకాలం గడిచింది, అంతే. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు మనవాళ్ళు.

అయితే ఆయన్ని తీసిపారేయడానికీ లేదు. తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి గ్యాంగ్‌మన్‌గా వచ్చి ఈ ఛత్తీస్‌గఢ్ ఊళ్ళో దిగాడు. అప్పలస్వామి రైల్వే క్వార్టర్‌లోనే పుట్టి, రైలు కూతలోనే నిద్రపోయి, పట్టాల పైన వేలాడే కరెంటు తీగల పనిలో ఖలాసీగా చేరాడు. రిటైరయ్యేదాకా ఆ తీగలే ఆయన బతుకు. నిచ్చెన బండి ఎక్కి, ఎండలో వానలో, కోటా వైపు లైనంతా ఆయన చేతులు తడమని చోటు లేదు. ఆ పనిలో ఒకటే నియమం. ముందు పవర్ బ్లాక్ తీసుకోవాలి, అంటే లైన్లో కరెంటు ఆపించాలి. ఆపేశామని పైవాళ్ళు మాటిచ్చినా చాలదు. పనిచేసే చోటికి రెండు పక్కలా, కరెంటొచ్చినా భూమిలోకి పోయేలా ఎర్తింగ్ రాడ్లు తగిలించాకే తీగ మీద చెయ్యి వెయ్యాలి. “సచ్చిన పామునీ, సచ్చిన తీగనీ నమ్మీకండి” అని కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఆ మాట వినీ వినీ వాళ్ళు చాటుగా ఆయనకి పాముల మాస్టారని పేరు పెట్టారు. ఆయన చేతి కింద పనిచేసిన ఒక్క మనిషికీ కరెంటు కాటు పడలేదు. మిగతా విషయాల్లో ఎన్ని కోతలు కోసినా, ఈ ఒక్క సంగతి మాత్రం ఆయన ఎప్పుడూ గొప్పగా చెప్పుకోలేదు.

రిటైరయ్యాక ఇల్లు కట్టాడు. ఇల్లు కట్టాక ప్యానెళ్ళు పెట్టించాడు. అప్పుడు భార్య మంగాయమ్మ ఒకటే పట్టు పట్టింది. “మేడంతా పరిచీసి నా వడియాలకి జాగా లేకుండా సేస్తే ఊరుకోను. మనిషి నిలబడేంత ఎత్తులో కట్టించండి. పొద్దుటెండ పక్కలోంచి దూరుతాది, నాకది సాలు.” ఎత్తుగా కట్టాలంటే ఇనప స్తంభాలు ఎక్కువ పడతాయని ఆయన గొణిగాడు. మంగాయమ్మ వినలేదు. నలభై ఏళ్ళుగా ఏ పట్టూ వదలని మనిషి, వడియాల దగ్గర వదులుతుందా?

ఇక్కడిదాకా బాగానే ఉంది. గొడవ సీమంతంతో వచ్చింది.

కూతురు జ్యోతిర్మయికి ఏడో నెల. వియ్యంకుడు చిన్నారావు గూడ్సు గార్డుగా చేసి రిటైరైన మనిషి. నెమ్మదస్తుడే కానీ నాలుక మాత్రం పదును. “మా కోడలి సీమంతం మేం సేస్తాం. జనరేటరున్న హాలు మాట్లాడతాను. మార్చి నెల్లో గాలి దుమారాలొస్తాయి, కరెంటు ఉంటాదో ఊడతాదో” అన్నాడాయన. అప్పలస్వామికి రోషం పొడుచుకొచ్చింది. “మా ఇంట్లో సేద్దాం బావగారూ. ఊరంతా కరెంటు పోనా మా ఇంట్లో పోదు. నా మాట” అన్నాడు. వియ్యంకుడు ఆ మాట పట్టుకున్నాడు. “అచ్ఛా, సూద్దాం” అన్నాడు. అత్తవారింట జరగాల్సిన వేడుకని మాటిచ్చి మరీ తనింటికి లాక్కొచ్చుకున్నాడన్నమాట. ఆ మాట నిలబడకపోతే జీవితాంతం వియ్యంకుడి నోట్లో నలగాల్సిందే.

ఆ రోజు రానే వచ్చింది. కింద హాల్లో ఆడవాళ్ళు కిటకిటలాడుతున్నారు. ఒక పక్క గాజుల పళ్ళెం, ఇంకో పక్క చలిమిడి, పూలు, పళ్ళు. వంటింట్లో గ్రైండరు గారెల పిండి రుబ్బుతోంది. ఫ్యాన్లన్నీ గిరగిరా తిరుగుతున్నాయి. జ్యోతిర్మయి ఆకుపచ్చ పట్టుచీరలో కుర్చీలో కూర్చుని, ఒక చేత్తో గాజులు తొడిగించుకుంటూ రెండో చేత్తో నుదురు తుడుచుకుంటోంది. ముందురోజు సాయంత్రం వీచిన ఆంధీకి, అదే ఆ గాలి దుమారానికి, వీధి మలుపులో వేపకొమ్మ ఒకటి విరిగి వైర్ల మీద వేలాడుతోంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. సరిగ్గా ముత్తయిదువలు పాట అందుకున్నప్పుడు ఆ కొమ్మ కాస్తా తీగని తెంపుకుని కిందపడింది.

ఫ్యాన్లు ఆగాయి. గ్రైండరు ఆగింది. పాట కూడా ఆగింది. హాల్లో ఉన్న కళ్ళన్నీ అప్పలస్వామి వైపు తిరిగాయి.

“ఒక్క నిమిషం. ఇప్పుడొచ్చీస్తాది” అన్నాడాయన, సింహాసనం మీది రాజులాగా.

రాలేదు. ప్యానెళ్ళ కరెంటుని ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టరు మెట్ల కింద గోడకుంది. దాని దగ్గరికి వెళ్ళి చూస్తే ఎర్ర దీపం వెలుగుతోంది. దాని నెత్తిన రెండు తట్టాడు. మెట్లెక్కి మేడ మీదికి పరిగెత్తాడు. ప్యానెళ్ళ మీద ఎండ ఫెళఫెళలాడుతోంది, ఆకాశంలో గుప్పెడు మబ్బు లేదు. చలికాలమంతా పగలు ఒక్కసారి కూడా కరెంటు పోలేదు. రాత్రి పోయినప్పుడు, సూర్యుడు లేడు కదా, ఇంకెక్కడిదని సర్దుకున్నాడు. ఇప్పుడు సూర్యుడు నెత్తినే ఉన్నాడు. మరి కరెంటేదీ?

వెనకాలే చిన్నారావు తీరిగ్గా మెట్లెక్కి వచ్చాడు. “ఏటి బావగారూ, మీ సూర్యుడు లీవెట్టీసాడేటి?”

అప్పలస్వామికి తల కొట్టేసినట్టయింది. ప్యానెళ్ళు పెట్టిన కంపెనీకి ఫోను చేస్తే అరగంటకి గానీ కలవలేదు. అక్కడ పనిచేసే శ్వేత హిందీలో నెమ్మదిగా చెప్పింది. వీధి లైన్లో కరెంటు లేకపోతే అది తనంతట తనే ఆగిపోతుంది అంకుల్, అలాగే తయారు చేస్తారు, బేటరీ పెట్టిద్దామా అంటే మీరే దండగన్నారు కదా. అది ఎందుకలా ఆగుతుందంటే అని ఆ అమ్మాయి ఇంకేదో చెప్పబోయింది. ఆయన వినకుండానే ఫోను కట్ చేశాడు.

“ఏ తెలివితక్కువోడు సేసాడండీ ఈ మిషను? అవసరమున్నప్పుడే పడుకుంటే ఎందుకది?” అని పిట్టగోడ మీద చెయ్యి చరిచాడు. చరిచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

వీధి మలుపులో స్తంభానికి నిచ్చెన ఆనించి ఉంది. లైన్‌మన్ ఒకడు దాదాపు పైదాకా ఎక్కాడు. నడుముకి బెల్టు, చేతులకి రబ్బరు తొడుగులు. భుజానికి ఎర్తింగ్ గొలుసు వేలాడుతోంది, ఇంకా తీగకి తగిలించలేదు. తగిలించడానికి చెయ్యి చాస్తున్నాడు.

అప్పలస్వామి ఆ చేతినీ చూశాడు, తన నెత్తి మీది ప్యానెళ్ళనీ చూశాడు. ఎదురింటి మేడ మీదా ప్యానెళ్ళే, మలుపింటి మేడ మీదా ప్యానెళ్ళే. అన్నీ తను టీ పోసి పెట్టించినవే. అన్నిటి మీదా ఒకటే ఎండ. నీది మిగిలితే ఆ తీగలోంచి వాళ్ళకెళ్తాది. వీధి వీధంతటికీ తను చెప్పిన మాట. ఇప్పుడూ వెళ్తూ ఉంటే? లైను ఆపేశారని నమ్మి ఎక్కిన ఆ మనిషి చేతిలోకి, ఈ మేడలన్నీ కలిసి కరెంటు పంపిస్తూ ఉంటే?

పిట్టగోడ మీంచి ముందుకి వంగాడు. సర్వీసంతా కొత్తవాళ్ళందరికీ చెప్పిన పాఠం, తన మేడ మీదికొచ్చేసరికి తనకే గుర్తు రాలేదు. తను మరిచిపోయినదాన్ని ఈ మిషను మరిచిపోలేదు, తనంతట తనే ఆగింది.

లైన్‌మన్ గొలుసు తగిలించి, లాగి చూసుకుని, అప్పుడు తీగ పట్టుకున్నాడు. అప్పలస్వామి పిట్టగోడ మీంచి చెయ్యి తీశాడు.

“బావగారూ” అన్నాడు. “ఇది పాడవ్వలేదండి. పవర్ బ్లాకులో ఉంది.”

చిన్నారావు స్తంభం వైపు చూశాడు. బతుకంతా రైలు చివరి పెట్టెలో జెండాలు పట్టుకుని నిలబడ్డ మనిషికి ఇంకేం చెప్పాలి? కళ్ళజోడు తీసి ఉత్తరీయంతో తుడుచుకున్నాడు. “ఎర్రజెండా సూపిస్తే బండి ఆగాల. ఆగిన బండిని తిట్టకూడదు బావగారూ. పదండి, కిందికెళ్దాం” అన్నాడు.

కిందికి వెళ్ళి అప్పలస్వామి అందరి ముందూ నిలబడ్డాడు. “మా ఇంట్లో కరెంటు పోదని కోతలు కోసానండి. పోనాది. బయట తీగ మీద మనిషున్నాడు, అందుకే పోనాది. ఆడు దిగేదాకా రాదు, రాకూడదు కూడా. నన్ను తిట్టుకోండి, దాన్ని మాత్రం తిట్టీకండి.”

ఎవరూ తిట్టలేదు. ఆ గదిలో సగం మంది ఇళ్ళలో భర్తో తండ్రో పట్టాల మీదో తీగల కిందో పనిచేసినవాళ్ళే. కానీ జ్యోతిర్మయి ముఖం చెమటతో కుంకుమ కారిపోయేలా ఉంది. అప్పుడు మంగాయమ్మ గాజుల పళ్ళెం ఎత్తుకుంది.

“లెగండే అమ్మా, అందరూ లెగండి. పిల్లని నా వడియాల పందిరి కిందికి తీసుకెళ్దాం.”

“హాఁ మమ్మీ, ఊపర్ మస్త్ హవా హై” అని, పైన గాలి బాగుంటుందంటూ కూతురు అప్పటికే కుర్చీలోంచి లేచింది.

మేడ మీద ప్యానెళ్ళ కింద పెళ్ళిపందిరంత నీడ. మార్చి గాలి ఆ పక్కనుంచి ఈ పక్కకి హాయిగా పోతోంది. చాపలు పరిచారు. మూలన ఆరబెట్టిన గుమ్మడి వడియాలని పక్కకి జరిపి, జ్యోతిర్మయిని మధ్యలో కూర్చోబెట్టారు. ఆగిన పాట మళ్ళీ అందుకున్నారు, ఈసారి ఇంకా గట్టిగా. ఎదురింటి ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళు తమ మేడ మీంచి చూసి, పిలవకుండానే వచ్చి చేరారు. అక్షింతలు గాలికి ఎగిరి సగం చిన్నారావు నెత్తిన పడ్డాయి. మంగాయమ్మ మొగుడి వంక ఒక్క చూపు చూసింది. ఎత్తుగా కట్టించమన్నది ఎవరో గుర్తుందా అని ఆ చూపుకి అర్థం. గుర్తుందన్నట్టు ఆయన బుద్ధిగా తలూపాడు.

“కరెంటివ్వకపోనా నీడిచ్చింది. హాలు కంటే ఇదే బాగుంది” అన్నాడు చిన్నారావు. ఆయన నోట మంచిమాట రావడం ఏడాదికోసారి. అప్పలస్వామి ఆ ఏటి వాటా పుచ్చుకున్నాడు.

హారతి అయ్యేసరికి లైన్‌మన్ దిగాడు. కాసేపటికి ఇన్వర్టరు ఎర్ర దీపం ఆరి పచ్చది వెలిగింది, కింద గ్రైండరు దానంతటది తిరగడం మొదలెట్టింది. అప్పలస్వామి వీధిలోకి వెళ్ళి లైన్‌మన్ చెయ్యి పట్టుకుని మేడ మీదికి తీసుకొచ్చాడు. ఊరి పక్క మోప్కా మనిషట, ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలట. “అభీ డ్యూటీ హవే బాబూజీ” అని, ఇంకా డ్యూటీలో ఉన్నానని మొహమాటపడ్డాడు కానీ, అప్పుడే వేయించిన గారెలు విస్తట్లో పడ్డాక ఇంకేం మాట్లాడలేదు. అప్పలస్వామి పక్కనే కూర్చుని స్వయంగా వడ్డించాడు. ఆ మనిషి తింటుంటే చూస్తూ, కళ్ళెందుకు తడిసాయో ఎవరికీ చెప్పలేదు. కారం పచ్చడి వల్ల కావచ్చని మంగాయమ్మ అనుకుని ఊరుకుంది.

ఆ తర్వాత కూడా వరండాలో టీ సాగుతూనే ఉంది. సలహా మాత్రం కాస్త మారింది. బేటరీ సంగతి ఎవరైనా అడిగితే ఇప్పుడు నవ్వడు. “మీ ఈదిలో కరెంటు మాటిమాటికీ పోతాదా? పోతే ఎట్టించు. పోదంటే ఆగు. ఎట్టించకపోతే మటుకు ఈదిలో కరెంటు పోయినప్పుడు నీ ఇంట్లో కూడా పోతాది, నాలాగ కోతలు కోసీకు” అంటాడు. జ్యోతిర్మయి పురిటికి వచ్చేలోగా తనింట్లో కూడా బేటరీ పెట్టించాడు. వచ్చిన శ్వేతని ఈసారి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు, అదీ మళ్ళీ మళ్ళీ అడిగాడు. “మా ఇంట్లో దీపం ఎలుగుతున్నప్పుడు బయట తీగలోకి పోదు కదమ్మా?” పోదనీ, ముందు వీధితో తెగతెంపులు చేసుకున్నాకే ఇంట్లో వెలుగుతుందనీ ఆ అమ్మాయి ఓపిగ్గా చూపించింది. మెయిన్ స్విచ్చి ఆపించి, ఇంట్లో ఫ్యాను తిరుగుతుండగా వీధి వైపు తీగలో కరెంటు లేదని టెస్టరు పెట్టి స్వయంగా చూసుకుని గానీ ఆయన ఆమెకి టీ ఇవ్వలేదు.

వానాకాలం వచ్చింది. ఒక సాయంత్రం గాలీవానా వచ్చి వీధంతా కరెంటు పోయింది. అప్పలస్వామి ఇంట్లో మాత్రం ఫ్యాను ఆగలేదు. దాని కింద మనవరాలు పిడికిళ్ళు బిగించి నిద్రపోతోంది. ఇచ్చిన మాట కాస్త ఆలస్యంగానైనా నిలబడింది. పిల్లని చూడ్డానికొచ్చిన చిన్నారావు, ఆ మాట ఒప్పుకుందామని వియ్యంకుడి కోసం ఇల్లంతా వెతికాడు. ఆయన మేడ మీద ఉన్నాడు. సన్నటి తుంపరలో గొడుగేసుకుని, నిచ్చెన ఆనించిన స్తంభం వైపు చూస్తూ నిలబడ్డాడు.

“ఇంట్లో కరెంటుంది కదేటి బావగారూ? ఇక్కడ తడుస్తారేటి?”

“మీరు పదండి బావగారూ” అన్నాడు అప్పలస్వామి, చూపు తిప్పకుండానే. “ఆ పైనున్నోడు దిగీసాక నానూ వస్తాను.”