మలావీలో వంట నేర్చుకొచ్చిన మనిషి

ఆ పొద్దున మా ఆయన దస్తగిరి, కల్లూరులో మా వాకిట్లో గొంతుకూర్చుని చేటలో కందిపప్పు చెరిగాడు. ఎదురింటి ఓబులమ్మ నీళ్ల బిందె దించి నిలబడి చూసింది.

"ఏమప్పా, గౌసియా నీ చేతికి చేట ఇచ్చి తాను కుర్చీ ఎక్కిందా?"

"ఊరికే కాదత్తా. విమానమెక్కి పోయి నేర్చుకొచ్చినా."

పప్పు కడిగి నానబెట్టి, ఒక రైతు బోరు మోటారు చూడాలని బండి మీద కోడుమూరు వైపు వెళ్లాడు. మధ్యాహ్నం అక్కడే, చేలో, గుండె ఆగిపోయింది.

ఆయన చేతిపంపుల మెకానిక్. కోసిగి దాకా ఆయన చేయి పడని పంపు తక్కువ. ఇంట్లో మాత్రం తిన్న పళ్లెంలోనే చేయి కడుక్కుని లేచేవాడు. టీ కావాలంటే కాస్త దగ్గేవాడు. ఆ దగ్గు వినబడితే నేను పొయ్యి ముట్టించాలి.

అలాంటి మనిషిని ఒక స్వచ్ఛంద సంస్థ ఏడాది పాటు మలావీకి పంపింది, అక్కడివాళ్లకు పంపుల పని నేర్పడానికి. జీతం లేదు. చిన్న ఇల్లు, తిండి ఖర్చు ఇస్తారు. వంట, ఊడ్చుకోవడం, ఉతుక్కోవడం ఎవరివి వాళ్లవే.

మొదట్లో ఫోను చేస్తే పంపుల ఊసే ఉండేది కాదు. "బొగ్గుల పొయ్యి మండల్లేదు గౌసియా." "ఉప్పు ఎప్పుడేయాల?" "అన్నం పైన పలుకు, కింద మాడు. ఏం చేయాల?"

"మధ్యలోది తిను," అన్నాను.

అక్కడివాళ్లు మొక్కజొన్న పిండితో మన సంగటిలాంటిదే వండుకుంటారు. అది చూసి ఈయనకు ధైర్యం వచ్చింది. పక్కింటి చిసోమోను, ఆమె పిల్లలను భోజనానికి పిలిచాడు. మన పద్ధతిలో ముందు బియ్యం ఉడికించి, దాంట్లో పిండి పోసి కెలికాడు. చిసోమో ముద్ద విప్పి చూసి, ఇవేం పడ్డాయోనని మెతుకులన్నీ ఏరి పళ్లెం అంచున పెట్టింది. "బియ్యం లేకుంటే అది సంగటెట్లవుతాది?" అని ఈయన నాతో వాదన. మర్నాడు ఆమె వచ్చి తెడ్డు లాక్కుని, ఉత్త పిండిని ఎలా తిప్పాలో చూపించిందట. కొన్నాళ్లకు ఆ పిల్లలు ఈయన చేసింది మారు అడిగి తిన్నారు.

తిరిగొచ్చాక ఆయన కుదురుగా కూర్చోలేదు. తెల్లవారేసరికి వంటింట్లో ఉండేవాడు. ఉప్పు డబ్బా చోటు మార్చేవాడు, నేను మళ్లీ మార్చేదాన్ని. ఉల్లిపాయలు సగం తరిగి, వాకిట్లోకి వెళ్లి ఆటోలు చూసి, వచ్చి మిగతా సగం తరిగేవాడు.

ఒక మధ్యాహ్నం ఆ సంస్థ మనిషి జయపాల్ ఫోను చేశాడు. ఈయన బయట మాట్లాడి లోపలికొచ్చాడు.

"మళ్లా రమ్మంటాండారు. ఈసారి రెండేండ్లు."

"పోతావా?"

"నువ్వేమంటావు?"

"నేననేదేముండాది. నీ ఇష్టం."

సంచి తీసుకుని కూరగాయలకు వెళ్లాడు. ఆ తర్వాత ఆ మాట ఇద్దరమూ ఎత్తలేదు.

ఇక కుదురు పోవడం నా వంతయింది. ఆయన ఏ పని పట్టుకున్నా ప్రయాణపు సన్నాహంలాగే కనిపించేది. ఊరగాయ ఎలా పెడతారని అడిగితే, సీసాలో పెట్టి పట్టుకుపోవడానికే అనుకున్నాను. ఫోను మోగితే పొయ్యి తగ్గించి చెవి ఒగ్గేదాన్ని. బీరువా మీది పెట్టెకు దుమ్ము లేకపోవడం చూసి, దించి తెరిచి చూశాను. తుడిచింది నేనేనని తర్వాత గుర్తొచ్చింది.

ఒకనాడు ఉండబట్టలేకపోయాను. "వంటకు నేనుండా గదా. పోయి కూర్చో."

"కూర్చుంటే తోచల్లేదు."

"ఆడ మలావీలో అయితే అంతా తోచిందా?"

ఆయన పప్పుగుత్తి తిప్పడం ఆపలేదు. "చింతపండు తక్కువైనట్లుండాది, చూడు," అన్నాడు.

ఆయన చనిపోయాక జయపాల్ పలకరించడానికి ఇంటికి వచ్చాడు. వెళ్తూ చెప్పులు వేసుకుంటుంటే అడిగాను. "ఆయన బదులు ఎవర్ని పంపుతాండారు?"

"వేరే మనిషి ఎప్పుడో మలావీకి పోయినాడు వదినా. అన్న రానన్నాడు గదా. మా ఇంట్లో శానా పని ఉండాది, ఇన్నేండ్లు నేను చూల్లేదు అన్నాడు."

"ఎప్పుడన్నాడు?"

"నేను రమ్మని అడిగిన రోజే, సాయంత్రం."