సగం మందికే చెప్పిన జున్ను

2024 వేసవిలో, గుంతకల్లు దాటాక వచ్చే ఒక చిన్న స్టేషన్లో, నేను ప్యాసింజరు రైలును ఆపించాను. జున్ను పెట్టి ఆపించాను. నాకు అప్పటికే డెబ్బై దాటాయి, చేతిలో ఎర్రజెండా కూడా లేదు. గిన్నెలు పట్టుకొని రైలు దిగిన జనంతో ప్లాట్‌ఫారం నిండిపోయింది. నమ్మకం లేకపోతే మా పశువుల శిబిరంలో ఎవరినైనా అడగండి. లక్ష్మక్కను మాత్రం అడగవద్దు.

నా పని ఫండ్ రైజింగ్. ఒక మంచి పని సాగడానికి కావలసినదాన్ని నలుగురినీ అడిగి తేవడం. "దీనికీ జోలె పట్టడానికీ తేడా ఏమి?" అని పెళ్లయిన కొత్తలో మా ఆవిడ అడిగింది. "మేము రసీదు ఇస్తాం" అన్నాను. ఆ జవాబుతోనే ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాను.

ముందటి ఏడు వాన మొహం చాటేసింది. శనక్కాయ చేలు ఊడలు దిగకముందే ఎండిపోయాయి. కాయ పోతే పోయింది, పశువుకు వేసే కట్టె కూడా మిగల్లేదు. మేత లేని ఇంట్లో పశువు ఎన్నాళ్లుంటుంది? సంతకు తోలడమే. అందుకని మా సంస్థ ఆ స్టేషను పక్కనే, ఊరి బయట ఒక శిబిరం పెట్టింది. పశువును తెచ్చి కట్టేసుకుంటే గడ్డి మేము వేస్తాం. కాలువ నీళ్లున్న కణేకల్లు వైపు నుంచి వరిగడ్డి లారీలో వచ్చేది. లారీ రావాలంటే డోనర్లు, అంటే దాతలు, కదలాలి. వాళ్లను కదిలించాల్సింది నేను.

లక్ష్మక్కకు ఉన్నది ఒకటే ఆవు, గౌరి. అది చూడిది. పాలు లేవు కాబట్టి, శిబిరంలో మిగతావాళ్ల పాలు క్యాన్లో పోసుకొని రోజూ పొద్దున రైలుబండికి గుంతకల్లు పోయి, రైల్వే క్వార్టర్స్‌లో ఇంటింటికీ పోసి వచ్చేది. ఆ కూలితోనే ఇల్లు గడిచేది. సంత దళారి రెండు రోజులకొకసారి వచ్చి గౌరి చుట్టూ తిరిగేవాడు.

"గడ్డి ఉన్నన్నాళ్లు అమ్మను. గడ్డి లేని రోజు నువ్వు రావద్దు, నేనే తోలుకొస్తా" అని అతన్ని పంపించేది. నాతో మాత్రం ఒక మాట చెప్పింది. "అన్నా, లారీ రాదనుకుంటే ముందే చెప్పు. ఆకలితో అది నా పక్క చూస్తాంటే దాన్ని తోలుకొని పొయ్యేది నా చేత కాదు."

ఆ మాట నా మెడకు గంటలా తగులుకుంది.

మా డైరెక్టర్ సుజాత మేడమ్ నాకంటే ముప్పై ఏళ్లు చిన్నది, నాకంటే బుద్ధి పెద్దది. పెద్ద సభ పెట్టి, శాలువాలు కప్పి, ఒకేసారి అందరినీ అడుగుదామని నేనంటే వద్దంది. చిన్న చిన్న పరీక్షలు చేద్దాం, రోజూ చేద్దాం అంది. దాన్ని ఎ/బి టెస్ట్ అంటారు. దాతలను రెండు గుంపులు చేసి, రెండింటికీ ఒకే వాట్సాప్ సందేశం పంపాలి. ఒక్కటంటే ఒక్క చోట తేడా ఉండాలి. ఏది ఎక్కువ పలికితే అది ఉంచుకొని, తర్వాత ఇంకొకటి మార్చి చూడాలి. "ఉప్పూ కారం రెండూ ఒకేసారి మారిస్తే, రుచి దేనివల్ల వచ్చిందో ఎట్లా తెలుస్తుంది?" అంది మేడమ్.

మొదటి పరీక్ష ఫోటో మీద. ఎముకలు తేలిన ఆవు ఒకటి, నోటి నిండా గడ్డి పెట్టుకున్న ఆవు ఒకటి.

"బక్కావే గెలుస్తాది మేడమ్. ఉగ్గాని బజ్జీ పందెం."

"సరే. నా బజ్జీలు మాత్రం మీరు లాక్కోకూడదు."

ఓడిపోయాను. బక్క ఆవును చూసి జనం అయ్యో అనుకొని ఫోన్ పక్కన పెట్టేశారు. మేస్తున్న ఆవును చూసినవాళ్లు ఇంకో రెండు నోళ్లకు పెడదామనుకున్నారు. బజ్జీలు కొనిపెడుతూ నేను ఎగిరి గంతేశాను. ఇన్నేళ్లూ నేను పంపింది ఏడుపు ఫోటోలే మరి!

అప్పటినుంచి నాకు పిచ్చి పట్టింది. ఫోన్ మోగితే చాలు, ఫలితాలు వచ్చిన పదో తరగతి పిల్లాడిలా ఉలిక్కిపడేవాణ్ని. "విరాళం ఇవ్వండి" అనే మాట తీసి "గౌరికి ఒక మోపు వేయండి" అని రాశాం. అదిరిపోయింది. పొద్దున పంపడమా, సాయంత్రం పంపడమా అని చూశాం. ఏ తేడా లేదు. మా దాతల్లో ఎక్కువ మంది గుంతకల్లు రైల్వే క్వార్టర్స్ వాళ్లే, ఒకరు నిద్రపోయే వేళకు ఇంకొకరు డ్యూటీకి పోతారు. అది ముందే తెలియాల్సింది, దాని మీద కూడా పందెం కాశాను.

ఇక్కడొక చిక్కు వచ్చింది. మోపు వేసినవాళ్లు రెండోసారి వేయడం లేదు. నేను రంగంలోకి దిగాను. నా ధన్యవాద పత్రం చదివితే రాయి కూడా కరిగి గడ్డి మొలుస్తుందని నాకొక నమ్మకం. ఎ గుంపుకు ఆ పత్రం పంపాం, బి గుంపుకు ఏమీ పంపలేదు. పత్రం అందినవాళ్లే తక్కువ మంది మళ్లీ ఇచ్చారు! మేడమ్ నవ్వకుండా ఆ ఫలితం చదివింది. నవ్వినా బాగుండేది.

నేరుగా గుంతకల్లు బజారుకు పోయి, మా పాత దాత, గుడ్డల కొట్టు శెట్టిగారిని పట్టుకున్నాను.

"జాబు అందలేదా శెట్టీ?"

"అందింది. బాగా రాసినావు. బీరువాలో దాచిపెట్టినా."

"మరి రెండో మోపు?"

"ఏమప్పా, ముగిసిపాయ అనుకుంటి గదా! పెండ్లికి పిలిచి, బువ్వ పెట్టి, తాంబూలం చేతికిచ్చినాక ఇంగా ఆడ్నే కూర్చుంటామా?"

నా మోకాళ్లు ఒప్పుకొని ఉంటే శిబిరం దాకా పరిగెత్తేవాణ్ని. మేము పంపింది తాంబూలం! ఇచ్చినవాళ్లను చేతులు జోడించి సాగనంపుతున్నాం. సాగనంపనిది ఏదైనా పంపాలి.

ఆ వారమే గౌరి ఈనింది. పెయ్యదూడ. ఎ గుంపుకు ఈ కబురు, బి గుంపుకు ఏమీ వద్దు అనుకున్నాం. "మీ మోపు తిన్న గౌరి ఈనింది. తల్లీ బిడ్డా బాగున్నారు" అని రాశాను. మేడమ్ అక్కడిదాకానే చూసి సరే అంది. చుక్క పెట్టి ఆగడం నాకు పుట్టుకతో రాలేదు. "జున్నులో మీ వాటా మీకుంది" అని చేర్చి పంపేశాను. మా వైపు ఆవు ఈనితే ఇరుగుపొరుగుకు జున్ను పంచుతారు కదా, ఆ మర్యాదకు ఒక మాట అన్నాను. మాట మాటలాగే ఉంటుందనుకున్నాను.

మర్నాడు ఆదివారం. ప్యాసింజరు వచ్చి ఆగింది. గిన్నెలు, టిఫిన్ బాక్సులు పట్టుకొని జనం దిగి నేరుగా శిబిరానికి నడిచొచ్చారు. శెట్టిగారైతే మూతున్న పాత్రే తెచ్చారు. వచ్చినవాళ్లలో కబురు పంపని బి గుంపు వాళ్లు కూడా కనబడ్డారు.

లక్ష్మక్క గౌరి పక్కనుంచి లేచింది. "వీళ్లంతా ఏంటికొచ్చినారన్నా?"

"మన డోనర్లమ్మా."

"గిన్నెలెందుకు తెచ్చినారు?"

చెప్పాను. చెప్పక తప్పుతుందా?

"ఒక్క పొదుగు చూపిచ్చి ఊరందరికీ మాటిస్తివా? దూడ నోరు కొట్టి పంచల్లనా?"

ముందు దూడ కడుపు నిండా తాగింది. దానికి అడ్డం పోవడానికి ఎవరికీ ధైర్యం లేదు. అది తాగగా మిగిలిన పాలతో, బెల్లం వేసి, లక్ష్మక్క పొద్దున్నే వండిపెట్టిన జున్ను ఒక చిన్న గిన్నెడు ఉంది. దాన్ని చింతగింజంత ముక్కలు కోసి ఒక్కొక్కరి అరచేతిలో పెట్టింది. తెచ్చిన గిన్నెల మూత ఎవరూ తీయలేదు. శెట్టిగారు కళ్లకద్దుకొని నోట్లో వేసుకున్నారు. ఆ తర్వాత చుట్టూ చూశారు.

"ఏమ్మా, గడ్డి ఇంతేనా ఉండేది?"

దారిలో ఉంది, ఇంకో లారీ వచ్చేస్తోంది అని చెప్పబోయాను. లక్ష్మక్క ముందే అందుకుంది.

"ఇంతే. రేపటికి సరి. ఎల్లుండి సంత."

"మరి ఈయప్ప రాయలేదే!"

"ఈయప్ప జున్ను రాసినాడు, గడ్డి రాయలే."

అందరూ నావైపు చూశారు. నేను దూడవైపు చూశాను.

"ఈ వారం లారీ నాది" అన్నారు శెట్టిగారు. "పై వారం మా లైను వాళ్లది" అంది క్వార్టర్స్‌లో ఉండే ఒకావిడ. కాలువ ఊళ్లలో నీళ్లకు వంతులు వేసుకున్నట్టు అక్కడికక్కడే వంతులు వేసుకున్నారు. నేను ఒక్కరినీ అడగలేదు! అడగడమే వృత్తిగా బతికినవాణ్ని, ఆ రోజు నాకు పని లేకుండా పోయింది. గౌరి మెడ గోకుతూ నిలబడ్డాను. చినుకులు పడి పచ్చిక లేచేదాకా లారీ తప్పలేదు. దళారి రావడం మానేశాడు. గౌరి పెయ్యను వెంటేసుకొని సొంత కొట్టానికి నడిచిపోయింది.

ఇక నిజం. రైలును నేను ఆపలేదు. ఎదురుగా వచ్చే గూడ్సు కోసం అది అక్కడ రోజూ ఆగుతుంది, ఆ రోజూ ఆగింది. దిగిన జనంతో ప్లాట్‌ఫారం కాదు కదా, ఒక పెట్టెలో సగం కూడా నిండదు. జున్ను వాటా అనేది నా వ్యూహం కాదు, నా నోటి తీట. ఇవి పోగా మిగిలినదంతా నిజమే.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇదే. ఒక్కొక్కటే మార్చి చూడండి, ఎప్పుడూ చూస్తూనే ఉండండి. నలభై ఏళ్ల అనుభవం కంటే ఒక వారం పరీక్ష మేలు. ఇచ్చినవాళ్లకు తాంబూలం ఇచ్చి పంపకండి, కబురు చెప్పండి. గడ్డి ఎంత మిగిలిందో కూడా చెప్పండి. కబురు అందిన ఎ గుంపులో దాదాపు అందరూ మళ్లీ ఇచ్చారు. విచిత్రం, బి గుంపు కూడా ఇచ్చింది. ఒక గుంపు ఉత్సాహం ఇంకో గుంపుకు గాలిలా సోకుతుందని, ఇది ఈ రంగంలో కొత్త సంగతని నా రిపోర్టులో రాశాను.

ఇదంతా రాసి మొన్న లక్ష్మక్కకు చదివి వినిపించాను. పాలు పితకడం ఆపకుండానే విన్నది.

"గాలి లేదు, దుమ్ము లేదు. ఆ బి గుంపుకు చెప్పింది నేనే. నువ్వు సగం మందికే చెప్పినావని ఆ పొద్దున పాలు పోసేకాడ తెలిసె. ఒకింట్లో గౌరి ఈనిందంట గదా అంటారు, పక్కింట్లో నోరెళ్లబెడతారు. ఆవు ఈనితే సగం ఇండ్లకు చెప్పి సగం ఇండ్లకు చెప్పకుంటే, మర్నాడు పాల క్యాను ఎత్తుకొని ఆ వీధికి ఏం మొగం పెట్టుకొని పోవల్లన్నా?"