ప్లేట్లు పంచే పని

ఉన్నదాన్ని పదింతలు చేసి చెప్పడం నా జబ్బు. ముందే ఒప్పుకుంటున్నాను, మీరే తగ్గించుకుని చదవండి.

కెనడాలో, టొరంటో నగరంలోని స్కార్‌బరోలో మా తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక భోజనాలుంటాయి. పేపరు ప్లేట్లు పంచే పని ఒక ఆంటీగారి కొడుకుది. మానసిక ఎదుగుదల తక్కువని డాక్టర్లు రాసిచ్చిన ముప్పై ఏళ్ల మనిషి. ఒక్కో ప్లేటూ రెండు చేతులతో అందించి, "బాగున్నావా?" అని అడిగేవాడు. జవాబు చెప్పేదాకా ప్లేటు వదిలేవాడు కాదు.

స్టూడెంట్లు వరదలా వచ్చిన ఏడాది మా లైను పక్క ఊరు రిచ్‌మండ్ హిల్ దాకా పాకింది. తోక చివరివాళ్ల దాకా వచ్చేసరికి సాంబారు మీద మంచు పేరుకుంది. "షిఫ్టుకి లేటవుతోంది అంకుల్," అని పిల్లలు గొణిగారు. నేనే అతని దగ్గరికి వెళ్లి, "ఈ వారం రెస్టు తీసుకో నాన్నా," అన్నాను. ప్లేట్లు బల్ల మీద పేర్చేశాం. లైను చిటికెలో కరిగిపోయింది.

మరుసటి ఆదివారం అతను బల్ల పక్కనే నిలబడి రెండు చేతులూ చాచాడు.

"రెస్టు అయిపోయింది అంకుల్."

"ఇప్పుడు ఎవరి ప్లేటు వాళ్లే తీసుకుంటున్నారు నాన్నా," అన్నాను.

ఆంటీగారు వచ్చారు. అతనికి కోటు తొడిగి తీసుకెళ్లారు. ఇద్దరూ మళ్లీ రాలేదు.

లైను పొడవూ, మంచూ మీరెలాగూ తగ్గించుకుని ఉంటారు. నేను నిజంగా కల్పించింది పిల్లల గొణుగుడు. లేటవుతోందని ఎవరూ అనలేదు. తొందరపడింది నేనొక్కణ్ణే.