వెనక రేకు మీద చెయ్యి

ఏడో తరగతి రెండుసార్లు తప్పి బడి మానేసినవాణ్ణి. దయ్యం పట్టాలన్నా తలలో ఏదో ఒకటి ఉండాలి, నా తలలో దూరితే దానికే దిక్కు తోచదని అందరితో అనేవాణ్ణి. దయ్యాల కథలు చెప్పేవాళ్లను చాయ్ హోటల్లో ఏడిపించిన నోరు నాది. అందుకే ఇది చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. యాకుత్‌పురా స్టేషన్ దగ్గర ఒక దుకాణపు మడిగెలో సగం నాది, సగం ఖాజా భాయ్‌ది. ఆయన గడియారాలు బాగుచేసేవాడు. నేను టేపు రికార్డర్లు, సెల్‌ఫోన్లు.

ఒక మధ్యాహ్నం విజయలక్ష్మి గారని ఒకావిడ అరచేతిలో పట్టే కంప్యూటర్ తెచ్చారు. పామ్‌టాప్ అనేవాళ్లం. భీమవరం వైపు నుంచి భర్త ఉద్యోగం కోసం వచ్చినవాళ్లు. చార్జింగ్ ఎక్కడం లేదు, అందులో ఆయన మాట రికార్డయి ఉంది, అది వినాలన్నారు.

చూస్తే పిన్ను దూర్చే చోట టంకం విరిగింది. పిన్నును నొక్కి పట్టుకుంటేనే కరెంటు. బ్యాటరీ ఉబ్బిపోయి, ఎక్కింది ఎక్కినట్టే దిగిపోతోంది. అది పూర్తిగా చస్తే లోపల దాచిందంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఆ రకం మిషన్లు అంతే. విప్పి టంకం వేసేదాకా ఆగేలా లేదు. పిన్ను పట్టుకునే ఆ మాటను టేపులోకి ఎక్కించాలి.

కానీ చార్జర్ తగిలిస్తే చాలు, గుయ్యిమని ఒకటే మోత. నేను ఊరుకోవచ్చు కదా. సారు కన్నా తుమ్మెదే ఎక్కువ మాట్లాడుతోందమ్మా, సారునే పంపండి, నేరుగా మాట్లాడతానన్నాను.

"ఆయన పోయి నెల దాటిందండీ," అన్నారావిడ. "ఫొటోలు బోలెడున్నాయి. గొంతు మాత్రం ఇందులోనే ఉంది."

ఆవిడ నాలుగు తిట్టినా బాగుండేది.

చార్జర్ మార్చాను. టేపు రికార్డర్‌ను కరెంటు తీసి సెల్స్ మీద పెట్టాను. మోత పోలేదు. చివరికి పామ్‌టాప్ వెనక రేకు మీద అరచెయ్యి ఆనిస్తే టక్కున ఆగింది. అందులో వింత లేదు. మనిషి ఒళ్లు ఆ మోతను లాగేసుకుంటుంది, రేడియో పని తెలిసిన ఎవరికైనా తెలుసు. చెయ్యి తీస్తే మళ్లీ గుయ్యి.

ఒక చేత్తో పిన్ను, ఒక చెయ్యి రేకు మీద. టేపు మీట ఆవిణ్ణే నొక్కమన్నాను. మాట మొదలవబోతుండగా పిన్ను జారింది. తెర మసకబారింది. గాభరాగా రెండు చేతులతో పిన్ను ప్లాస్టిక్ తొడుగును పట్టేశాను. రేకు మీద చెయ్యి లేదు.

మోత రాలేదు.

ఆవిడ ఒక చెయ్యి మీట మీద, ఇంకోటి కొంగు పట్టుకుని ఉంది. ఖాజా భాయ్ దూరంగా తన బల్ల దగ్గరున్నాడు. గొంతు తేటగా వచ్చింది. "శనివారం విజయ కళ్లజోడు తేవాలి. ఈసారి ఫ్రేము తననే ఎంచుకోమనాలి." తనకు తాను గుర్తు చేసుకున్న మాట, అంతే. అది అయిపోగానే గుయ్యిమంది. కాసేపటికి తెర ఆరిపోయింది.

ఆవిడ కళ్లు తుడుచుకుని, "మోత ఆగింది మీ చెయ్యి వల్లేనా?" అని అడిగారు.

భయమో, అలవాటో. నా చెయ్యి పడితే తుమ్మెదైనా నోరు మూస్తుందమ్మా అన్నాను. ఆవిడ తలూపి, మిషన్‌ను బాగుకు వదిలి, క్యాసెట్ తీసుకుని వెళ్లిపోయారు.

తర్వాత టంకం వేయకముందే ఆ పిన్నును అదే తీరుగా పట్టుకుని ఎన్నోసార్లు చూశాను. ప్రతిసారీ మోత వచ్చింది. ఆ ఒక్కసారి ఎందుకు రాలేదో నాకు ఈనాటికీ తెలియదు.

సాయంత్రం ఖాజా భాయ్‌తో, అప్పుడు రేకు మీద నా చెయ్యి లేదని చెప్పేశాను. పాపం ఆవిడకేం తెలుసు, నమ్మేసిందన్నాను.

ఆయన కంటికి పెట్టుకున్న అద్దం తీశాడు. "ఆమె నీ చేతుల దిక్కే చూస్తుండె, నర్సిం. తెల్వక అడిగిందా? నీ చెయ్యి కాదని ఇంకొకని నోట్లెకెళ్లి ఇందామని అడిగింది."